బోసి చెవులు

ఆవిడకి పేరు ఉంది. జీతం చీటీ మీద ఉండేది, నెలకోసారి గుమస్తా దాన్ని చదివేవాడు. మిగతా రోజుల్లో ఆవిడ బెల్టక్క. బిస్కెట్ల ఫ్యాక్టరీలో మూడో బెల్టు పక్కన నిలబడి, పొయ్యిలోంచి బారులు తీరి వచ్చే బిస్కెట్లలో విరిగినవీ మాడినవీ ఏరి పడేయడం ఆవిడ పని. వయసులో ఉండగా చేరింది, తల నెరిసేదాకా ఏరింది. తప్పులేరడమే బతుకైన మనిషి, తోటివాళ్ళలో మాత్రం ఒక్క తప్పూ ఏరలేదు. అదే ఆవిడ తప్పని నేనంటాను.

ఆ ఫ్యాక్టరీలో పనిలోకి వెళ్ళే ముందు ఒంటి మీద ఏదీ ఉండకూడదు. గాజులు, ఉంగరాలు, కమ్మలు అన్నీ గోడకున్న అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. తలకి ఎలాస్టిక్ టోపీ చెవుల కిందిదాకా లాక్కోవాలి. పని అయ్యాక ఆడవాళ్ళంతా అద్దం ముందు ఒకరినొకరు తోసుకుంటూ తీసినవన్నీ మళ్ళీ పెట్టుకునేవారు. మొదట్లో బెల్టక్కా పెట్టుకునేది, ఇంట్లో అక్కయ్య ఉండేది కాబట్టి. పెట్టుకోవడం మరిచి వచ్చిందా, తలుపు తీస్తూనే అక్కయ్య అందుకునేది: "ఆ బోసి చెవులేంటే? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

అక్కయ్య పోయాక కసిరేవాళ్ళు లేరు. ఒకరోజు అద్దం దగ్గర మరీ రద్దీగా ఉందని కమ్మలు సంచిలో వేసుకుని, తలకి స్కార్ఫు చుట్టుకుని బస్సెక్కేసింది. మర్నాడూ అంతే. ఎవరికి చూపించాలని? కొన్నాళ్ళకి చెవి కంతలు వాటంతటవే పూడిపోయాయి.

బెల్టుకి అవతల పక్క నిలబడే ఆవిడ ఒకతె ఉండేది, ఎదురావిడ అనుకుందాం. ఆవిడ అల్లుడికి ముక్కు మీద కోపమనీ, కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి చేస్తుందనీ బెల్టక్కకి తెలుసు. ఇటు సంగతులు అటు వెళ్ళేవి కావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడగందే చెప్పుకోని వాళ్ళూ ఉంటారు.

పదవీ విరమణ రోజు క్యాంటీన్‌లో టీ ఇచ్చారు. సూపర్‌వైజర్ రెండు ముక్కలు మాట్లాడి ఓ చిన్న డబ్బా చేతిలో పెట్టాడు. మూత తీస్తే పచ్చరాయి కమ్మలు.

"పెట్టుకో అక్కా, పెట్టుకో!" అని అందరూ ఒకటే గోల.

బెల్టక్క టోపీ ఇంకా తియ్యలేదు. డబ్బా చూసింది, వాళ్ళ మొహాలు చూసింది. ఆ మొహాల్లో వేళాకోళం లేదు, నిజంగా మురిసిపోతున్నారు. ఇన్నేళ్ళు పక్కపక్కన నిలబడి, ఒకే గదిలో బట్టలు మార్చుకుని, ఈ మనిషి చెవులకి కంతలున్నాయో లేవో ఒక్కరూ చూడలేదు. నాకైతే ఆ డబ్బా టేబుల్ మీద పడేసి వచ్చేయాలనిపించేది. ఆవిడకి మాత్రం వాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమోనని భయం వేసింది.

"ఇంటికెళ్ళి తీరిగ్గా పెట్టుకుంటాను," అంది.

"మూడు నెలల్లో నాదీ అయిపోతుంది కదా," అంది ఎదురావిడ. "ఆ రోజు అందరం హోటల్లో భోంచేద్దాం. నువ్వు ఈ కమ్మలతోనే రావాలి. లేకపోతే లోపలికి రానివ్వను, చూసుకో!"

నలుగురూ నవ్వారు. బెల్టక్క ఇంటికి వెళ్ళి, అద్దం ముందు కూర్చుని, కమ్మ కాడని పాత చోట పెట్టి నొక్కింది. లోపల గట్టిగా ఏదో అడ్డం తగిలింది, నెత్తురొచ్చింది. మర్నాడు నగల కొట్టుకి వెళితే అక్కడి కుర్రాడు చెవి తమ్మె నొక్కి చూసి, "లోపల కాయ కట్టేసిందండీ, దీనికి మా మెషీను పనికిరాదు," అని చెప్పుల షాపు మేడ మీదకి పంపించాడు. పచ్చబొట్లు వేసి, ముక్కులూ కనుబొమలూ కుట్టే చోటు అది. మెట్ల మీద కూర్చున్న పిల్లలు ఈ పెద్దావిడ ఎవరి కోసమో వచ్చిందనుకుని పక్కకి జరిగారు.

కుట్టే ఆవిడ గుండు చేయించుకుని ఉంది, చేతుల నిండా బొమ్మలు. తమ్మెని వెలుగుకి పెట్టి చూసింది.

"సూదితో కుడితే కండ పక్కకి జరుగుతుందంతే. మీది మళ్ళీ పూడుకుంటుంది. ఇదిగో, దీంతో అయితే ఆ కాయ ముక్క తీసేస్తాను." పెన్సిలంత పిడి, చివర చిన్న ఉక్కు గొట్టం, దాని అంచు పదును. "ఇది కుట్టడం కాదమ్మా, కోయడం. మళ్ళీ మూసుకోదు. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి."

"మూసుకోకూడదనే," అంది బెల్టక్క.

కుట్టే ఆవిడ తమ్మె మీద పెన్నుతో చుక్క పెట్టింది. వెనక బిరడా ముక్క ఆనించి, గడ్డం పట్టుకుని ముఖం పక్కకి తిప్పింది. గొట్టం పెట్టి మెలితిప్పుతూ నొక్కింది. పరిచిన పిండిలో అచ్చు దిగినట్టు దిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయిపోయిందమ్మా, అయిపోయింది. అంత నొప్పా?"

నొప్పి కాదు. అక్కయ్య పోయాక ఆవిడ గడ్డం పట్టుకున్న వాళ్ళు ఎవరూ లేరు. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. రెండో చెవి కూడా ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుంది.

దూది మీద మినపగింజంత ముక్కలు రెండు పడ్డాయి. కంతలు మానేదాకా ఉంచుకోమని లావుపాటి కాడలు తొడిగి, కుట్టే ఆవిడ జాగ్రత్తలు చెప్పింది. "వెనక వైపు మీకు కనపడదు. రోజూ ఇంట్లో వాళ్ళ చేత ఉప్పునీళ్ళతో తుడిపించుకోండి. ఎవరున్నారు?"

"మా అక్కయ్య ఉంది," అంది బెల్టక్క తడుముకోకుండా.

ఇంటి దగ్గర గోడ అద్దానికి వీపు పెట్టి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని తుడుచుకోబోయింది. చెయ్యి ఇటు పొమ్మంటే అటు పోతుంది. దూది మెడకి తగులుతుంది, జుట్టుకి తగులుతుంది, చెవికి తప్ప. ఓ రోజు తన అవస్థకి తనకే నవ్వొచ్చి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక గది మునుపటికంటే ఎక్కువ ఖాళీగా ఉంది. చివరికి ఎడమ చెవి వెనక చీము పట్టింది.

"మీ అక్కయ్య సరిగ్గా తుడవట్లేదు," అంది కుట్టే ఆవిడ చీము నొక్కుతూ.

"పెద్దదైపోయింది కదమ్మా, చూపు ఆనట్లేదు."

"అయితే ఇక్కడికే వచ్చేయండి, నేను తుడుస్తాను."

వెళ్ళింది. మానేదాకా వెళ్ళింది. "ఇక మీరు రానక్కర్లేదమ్మా, శుభ్రంగా మానింది," అన్న రోజున సంతోషించాల్సింది పోయి, చెప్పుల షాపు ముందు చాలాసేపు నిలబడింది.

హోటల్ భోజనానికి అందరికంటే ముందు వెళ్ళింది. స్కార్ఫు లేదు. జుట్టు వెనక్కి లాగి బిగించి ముడి వేసుకుంది, పచ్చరాళ్ళు బాగా కనపడేలా. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ప్లేట్లు వచ్చాయి, పప్పు వడ్డించారు, సూపర్‌వైజర్ బదిలీ గురించి మాట్లాడుకున్నారు. అన్నం సగమయ్యాక ఎదురావిడ చూపు ఇటు తిరిగింది.

"అబ్బ, కమ్మలు భలే ఉన్నాయి అక్కా! ఎక్కడ కొన్నావు?"

బెల్టక్క చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఊళ్ళోనే కొన్నానని అనేయవచ్చు. మర్యాద అదే. కానీ అన్ని రోజులు రెండద్దాల మధ్య నిలబడ్డ మనిషి నోట్లోంచి ఆ అబద్ధం రాలేదు.

"మీరిచ్చినవే."

"అయ్యో నా మతిమరుపు! ఆఫీసువాళ్ళు కొన్నారు, మేం డబ్బులిచ్చామంతే. మేమెక్కడ సరిగ్గా చూశాం?"

"నా చెవులకి అప్పుడు కంతలు లేవు," అంది బెల్టక్క నెమ్మదిగా. "ఎప్పుడో పూడిపోయాయి. మీరిచ్చారు కదాని కోయించుకున్నాను."

ఎదురావిడ ప్లేటు వంక చూసింది. అప్పుడు చివర్లో కూర్చున్న ప్యాకింగ్ ఆవిడ, ఏ ఇబ్బందినైనా నవ్వులోకి దింపేయగల గట్టి పిండం, నోట్లో ముద్ద ఉండగానే అందుకుంది.

"అయితే మేమంటే చెవి కోసుకుంటావన్నమాట!"

ఒక్కసారిగా అందరూ గొల్లుమన్నారు. ఎదురావిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బల్ల మీద గ్లాసులు కదిలాయి.

"అవును," అంది బెల్టక్క.

వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.