ఖాళీగా పైకొచ్చిన తాడు

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తున్న ఈ పూట కూడా నమ్మటం లేదు. శ్మశానం పక్క చేలో పదిహేనేళ్ళు మిరపకాయలు కోశాను. పొద్దుగూకాక ఒక్కదాన్నే ఆ దారిన ఇంటికి వచ్చాను. ఎవరికైనా గాలి సోకిందని తాయెత్తు కడుతుంటే, ముందు ఆసుపత్రికి తీసుకుపొమ్మని పోట్లాడేదాన్ని. అందుకే ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది రెంటచింతల దగ్గర పల్లె. రెండెకరాల మిరప వేశాం. ఆ ఏడు మొదటి కోత అయ్యాక బోరు ఆగిపోయింది. చెట్ల నిండా పిందె ఉంది. ఇంకో మూడు తడులు పెడితే పంట చేతికొస్తుంది. చేలో ఉన్న పాత బావి తెరుద్దామన్నాడు మా ఆయన.

బోరు వేశాక ఆ బావిని వదిలేశాం. ఒకసారి మేకపిల్ల అందులో పడితే, పైన నాపరాళ్ళు పరిచి మూసేశాం. నాలుగేళ్ళు అలాగే మూసి ఉంది. నలభై అడుగుల లోతు. దిగటానికి గోడలోనే మెట్టురాళ్ళు ఉన్నాయి. సగం లోతులో ఒక పక్క అరుగులా రాయి వదిలారు. వెనకటికి ఆయిలింజను దాని మీద ఉండేది. ఆ అరుగు చివర పాత పైపు ఇరుక్కుని ఉంది. దాన్ని ఊడదీస్తే కొత్త మోటారు దించొచ్చు. పని అంతే.

మా వైపు బావిలోకి ఎవరు దిగినా, నడుముకు కట్టిన తాడు బావమరిది చేతికే ఇస్తారు. సొంత అన్నదమ్ములు పక్కనే ఉన్నా సరే. అక్క బొట్టు పోనివ్వడు కాబట్టి బావమరిది తాడు వదలడని. అందుకని గురజాల నుంచి మా తమ్ముణ్ణి పిలిపించాం. వాడికి ఇద్దరు చిన్న ఆడపిల్లలు. పొద్దున్నే బస్సు దిగి నేరుగా చేలోకి వచ్చాడు. ఇద్దరూ కలిసి రెండు నాపరాళ్ళు పక్కకు జరిపారు. కుళ్ళిన ఆకు వాసన వచ్చింది.

మా అమ్మ వాళ్ళ కాలంలో మూసిన బావి తెరిస్తే ముందు లాంతరు దించేవాళ్ళు. లాంతరు ఆరిపోతే ఆ రోజు ఎవరూ దిగేవాళ్ళు కాదు. ఆ మాట నేను అన్నాను.

"ఏమే, సెల్లులో లైటుంటే లాంతరెందుకే? కిరసనాయిలు ఏ కొట్లో దొరుకుద్ది ఇప్పుడు?" అన్నాడు మా ఆయన.

సెల్లులో లైటు వేసి, దాన్ని బకెట్లో పెట్టి దించాడు. గోడలు, అరుగు, అడుగున నీళ్ళు అన్నీ స్పష్టంగా కనిపించాయి. పైకి లాగితే లైటు వెలుగుతూనే వచ్చింది. ముగ్గురికీ ధైర్యం వచ్చింది. లాంతరు వెలగాలంటే గాలి కావాలి, సెల్లు లైటుకు గాలితో పనే లేదు. ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. లాంతరు మాట ఎత్తిన నాకూ తట్టలేదు.

తాడు ఒకసారి లాగితే ఇంకా వదలమని, రెండుసార్లు లాగితే పైకి లాగమని చెప్పుకున్నారు. తాడు రెండో కొస గట్టు మీది రాతి గుంజకు కట్టారు.

"ఒరేయ్, నన్ను వదిలావంటే మీ అక్కను జన్మంతా నువ్వే సాకాలి, చూసుకో," అన్నాడు మా ఆయన.

"నా వల్ల కాదు బావా. నువ్వే సాకు," అన్నాడు వాడు. నవ్వుకుంటూనే దిగాడు.

అరుగు దాకా బాగానే చేరాడు. తర్వాత తాడు వదులైంది. ఎందుకు విప్పావని తమ్ముడు అడిగితే, పైపు ఆ చివర ఉందిరా, తాడు అడ్డం వస్తోంది అని కింద నుంచి చెప్పాడు. ఆయన గొంతు వినటం అదే ఆఖరు.

సెల్లు ఎక్కడో రాతి మీద పెట్టినట్టున్నాడు. ఆ వెలుగులో ఎదుటి గోడ మీద ఆయన నీడ కనిపించేది. అలసిపోయినవాడిలాగా నీడ మెల్లగా కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగింది. మేం పిలిచాం. చానాసేపు పిలిచాం. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

తమ్ముడు తాడు నా చేతికిచ్చి, చెప్పులు విసిరేసి కాళ్ళు బావిలోకి దించాడు. నడుముకు కట్టుకోవటానికి ఇంకో తాడు లేదు. ఉన్న ఒక్క తాడూ బావిలో వేలాడుతోంది, దాన్ని పైకి లాగి కట్టుకునేదాకా వాడు ఆగలేదు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను.

"అక్కా, వదులు. బావ చచ్చిపోతాడు."

నేను వదిలాను. చేయి జారి కాదు. వాడు దిగాలనే వదిలాను. వాడి పిల్లలు నాకు గుర్తు రాలేదు. వాడు రెండో మెట్టు మీద కాలు పెట్టాడు. ఛాతీ దాకా బావిలో ఉన్నాడు.

అప్పుడు తాడు లాగింది.

నా చేతిలో ఉన్న తాడు. కింది కొస ఎవరి నడుముకూ లేదు. అరుగుకు ఈ చివర ఊరికే వేలాడుతోంది. పైపు ఆ చివర, ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది. తాడు గట్టిగా ఒకసారి కిందికి గుంజింది. నా అరచేతులు ఒరుసుకుపోయాయి. ఆగి మళ్ళీ గుంజింది. రెండుసార్లు.

"లాగుతున్నాడు రా, మీ బావ లాగుతున్నాడు, పైకి రా," అన్నాను. నా ఒక్కదాని వల్ల మనిషి పైకి రాడు. తమ్ముడు గభాలున పైకెక్కి తాడు అందుకున్నాడు. ఇద్దరం లాగాం. మనిషంత బరువు ఉంది. నీళ్ళ బకెట్లు ముప్పై ఏళ్ళు తోడినదాన్ని, బరువు నాకు తెలుసు. గుప్పెడు గుప్పెడుగా తాడు పైకొచ్చింది. లాగుతూనే నేను ఎదుటి గోడ వైపు చూశాను. నీడ ఒరిగిన చోటే ఉంది. కదల్లేదు.

బావి అంచు దాకా ఆ బరువు అలాగే ఉంది. అంచు దగ్గర ఒక్కసారిగా పోయింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. తాడు ఖాళీగా వచ్చింది. ముడి విప్పిన మెలిక కొసన అలాగే ఉంది.

తమ్ముడు మళ్ళీ బావి వైపు ఉరికాడు. ఈలోపు మా కేకలు విని పక్క చేల వాళ్ళు వచ్చేశారు. నలుగురు వాడిని పట్టేశారు. వాళ్ళలో సున్నం బట్టీలో పనిచేసిన ముసలాయన ఒకరున్నారు. పెదనాన్నా అని పిలుస్తాం. "ఎవురూ దిగమాకండి. లోపల గాలి లేదు," అన్నాడాయన. గుడ్డ ముక్క అంటించి, తీగకు కట్టి దించాడు. రెండు నిలువుల లోతుకు పోగానే మంట ఆరిపోయింది. ఇంకోటి అంటించాడు. అక్కడికే వచ్చి ఆరిపోయింది. మా తమ్ముడు ఇంకో ఆరేడు మెట్లు దిగితే తల అక్కడికి వచ్చేది.

నేను పెదనాన్న కాళ్ళు పట్టుకున్నాను. ఎవరినైనా దించమని అడిగాను. ఆయన తల అడ్డంగా తిప్పి ఏడ్చాడు. మాచర్ల నుంచి ఫైరింజను వచ్చేసరికి గంట దాటింది. వీపుకు గాలి సిలిండరు కట్టుకున్న మనిషి దిగి ఆయన్ని పైకి తెచ్చాడు. పైపు పక్కన బోర్లా పడి ఉన్నాడని చెప్పాడు. తాడు వేలాడిన వైపు గోడకు అది తట్టుకోవటానికి ఏమైనా ఉందా అని నేను అడిగాను. అతను నా వైపు జాలిగా చూసి, మెట్టురాళ్ళు తప్ప ఏమీ లేదమ్మా, అంతా నున్నటి రాయి అన్నాడు.

పోలీసులు రాసుకున్నప్పుడు తాడు సంగతి చెప్పాను. కాగితం మీద వేలిముద్ర వేశాను. ఊపిరాడక చనిపోయాడని రాశారని, తాడు మాట అందులో లేదని తర్వాత తెలిసింది. మా వీధిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పే టీచరమ్మ దగ్గర ఆ తర్వాతే కూర్చున్నాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళు.

తాడు మెట్టురాయికి తట్టుకుందిలే అక్కా అంటాడు తమ్ముడు. తట్టుకున్న తాడు మనం లాగితే బిగుస్తుంది. దానంతట అది రెండుసార్లు కిందికి గుంజదు. ఈ మాట అంటే వాడు లేచి వెళ్ళిపోతాడు. ఆ రోజు తాడు లాగినప్పుడు పట్టేసిన భుజం వాడికి ఇంకా పూర్తిగా లేవదు.

ఒరిగిన కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. నేను చూసింది ఆయన నీడేనా, పైపు నీడా అంటే ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

తాడు లాగింది మా ఆయనే అయితే, అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఆ చివర నుంచి పాక్కుంటూ వచ్చాడు. అంచు దాకా మా చేతుల్లోకి వచ్చాడు, మేం అందుకోలేకపోయాం. ఆయన కాకపోతే, నా తమ్ముణ్ణి ఆ మెట్టు మీద నుంచి పైకి రప్పించింది ఎవరో నాకు తెలియదు. ఈ రెండిట్లో ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా నాకు తెలియటం లేదు.