టూ వీల్ పికప్ కొండెక్కిన రోజు

సెప్టెంబరు చివర్లో లడఖ్‌లోని ఆ క్యాంపులో దిగాను. నాలుగు రేకుల షెడ్లు, రాళ్లు, గాలి. నేను వాహనాల మెకానిక్‌ని. సుబేదార్ ఒక షెడ్డు చూపించి, "అదే నీ వర్క్‌షాప్, అదే నీ ఇల్లు" అన్నాడు.

పైన కొండ మీద చిన్న పోస్టు. ఇద్దరు ఉండాల్సిన చోట వైర్‌లెస్ ఆపరేటర్ ఒక్కడే మిగిలాడు. రెండోవాడికి కాలు విరిగితే కిందికి దించేశారు. ఆపరేటర్‌ది చింతలపూడి, మాది ముసునూరు. సాయంత్రం డ్యూటీ మాటలు అయ్యాక, రేడియోలో నాతో రెండు ముక్కలు తెలుగులో మాట్లాడేవాడు.

"తోట కౌలుకిచ్చారా అన్నయ్యా?"

"లేదు తమ్ముడూ, నాన్నే చూసుకుంటున్నాడు."

రోజంతటికీ నాకు వినబడే తెలుగు అదే. అతని మొహం అప్పటికింకా నేను చూడలేదు.

నవంబరులో కింద వంతెన కూలిపోయింది. పెద్ద బండ్లు రావడం ఆగిపోయింది. క్యాంపులో మిగిలింది వెనక చక్రాలు మాత్రమే లాగే ఒక పికప్. అది రెండో మలుపు దగ్గరే మంచు మీద జారిపోయేది. అప్పుడే ఆపరేటర్‌కి దగ్గు మొదలైంది. నర్సింగ్ అసిస్టెంట్ రేడియోలో ఆ దగ్గు విని, "నెమ్ము చేసింది. మాత్రలతో ఆగదు, దించాలి" అన్నాడు. మబ్బు విడవక హెలికాప్టర్ రాలేదు. స్ట్రెచర్ పట్టుకుని నడిచి వెళ్లినవాళ్లు గాలికి తట్టుకోలేక వెనక్కి వచ్చేశారు.

లోయ పక్కన ఇంజిన్ కాలిపోయిన, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండి ఒకటి పడి ఉంది. పికప్‌దీ దానిదీ ఒకే కంపెనీ.

"దాని ముందు యాక్సిల్ దీనికి పడుతుందా?" అన్నాడు కెప్టెన్.

"లోపలి గేర్ల పళ్ల లెక్క కలిస్తే పడుతుంది సార్."

చక్రాలకి సుద్దగీత గీసి, రెండు బండ్ల షాఫ్ట్‌లనూ చేత్తో తిప్పి చూశాను. లెక్క కలిసింది. ఆ బండి ముందు యాక్సిల్ పికప్‌కి మార్చి, ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకీ పంచే దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌ని గేర్‌బాక్స్ వెనక బిగించాను. ముందు షాఫ్ట్ పొడవు చాలక, కోసి వెల్డింగ్ చేశాను. ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేది. పికప్ డ్రైవర్ టార్పాలిన్ పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావన్నయ్యా?" రేడియోలో గొంతు బాగా నీరసించింది.

"ముందు చక్రాలు కూడా తిరిగేలా చేస్తున్నా."

"అవి ఇప్పుడు తిరగట్లేదా ఏంటి?"

"తిరగడం వేరు, లాగడం వేరు తమ్ముడూ. రేపు పొద్దున్నే వస్తా."

పొద్దున్న బయల్దేరబోతే స్టీరింగ్ రాడ్ కొత్త యాక్సిల్‌కి తగులుతోంది. దాన్ని సరిచేసేసరికి మధ్యాహ్నమైంది. రెండో మలుపులో వెనక చక్రాలు జారాయి. డ్రైవర్ పక్కన కూర్చున్న నేను ఫోర్ వీల్ లీవర్ వేశాను. ముందు చక్రాలు మంచుని పట్టాయి. బండి మూలిగింది, కదిలింది. డ్రైవర్ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాడు.

పైన పోస్టులో ఆపరేటర్‌ని దుప్పటితో సహా ఎత్తి సీట్లో పడుకోబెట్టాం. దారంతా నా చెయ్యి వదల్లేదు. మర్నాడు మబ్బు విడిచింది, హెలికాప్టర్ తీసుకెళ్లింది. బతికాడు. వేరే యూనిట్‌కి వేశారని తర్వాత విన్నాను. పై పోస్టుకి వచ్చిన కొత్త ఆపరేటర్ పంజాబీ. ఆ చలికాలమంతా నేను తెలుగు మాట వినలేదు.

ఇప్పుడు ముసునూరులో మా తోటే నా లోకం. మామిడికాయల పికప్‌లు వాన పడితే దిగబడతాయి. "మా బండికి ఫోర్ వీల్ పెట్టించొచ్చా అండీ?" అని అడుగుతారు. ఖర్చు దండగ, ట్రాక్టర్‌తో లాగించుకోండి అంటాను.

వాళ్లకి చెప్పనిది ఒకటుంది. ఆ రోజు పోస్టు తలుపు తోసేసరికి, అతను హెడ్‌ఫోన్ పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముందున్న పెట్టె మీద రెండు స్టీలు గ్లాసులు. రెండింట్లోనూ నిండా టీ, గడ్డకట్టి ఉంది.

"పొద్దున్నే వస్తావనుకున్నా అన్నయ్యా" అన్నాడు.