ముప్పై తీసి సగం

మా మరదలు మాబున్నీసాకు లెక్కలంటే ప్రాణం. పదో తరగతి కాగానే మా తమ్ముడు రసూల్‌కు చేసుకుని, తెచ్చి పట్టుపురుగుల షెడ్డులో పడేశాం. తమ్ముడే కానీ, వాడంత మొండివాణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

రాప్తాడు దాటి లోపలికి వస్తే మా షెడ్డు. అందులో మా నాయన కాలం నాటి థర్మామీటరు వేలాడుతుంటుంది. అది ఫారెన్‌హీట్‌లోనే చెబుతుంది. పట్టుపురుగుల ఆఫీసరేమో ఇరవై ఎనిమిది సెల్సియస్ దాటకూడదంటాడు. దానికి నాయన ఒక లెక్క నేర్పి పోయాడు: ముప్పై తీసెయ్, మిగిలింది సగం చెయ్. రసూల్ దృష్టిలో ఇక దానికి తిరుగు లేదు.

పోయిన ఎండాకాలం పురుగులన్నీ చచ్చాయి. ఈసారీ అంతే అయితే షెడ్డు మూసేసి బెంగళూరుకు కూలికి పోదామన్నాడు రసూల్. ఊరు వదలడం మాబున్నీసాకు సుతరామూ ఇష్టం లేదు.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం పురుగులు ఆకు ముట్టడం తగ్గించాయి. థర్మామీటరు ఎనభై ఆరు చూపిస్తోంది.

“ఇరవై ఎనిమిదే ఉండాది. బోర్లో ఉండేవే నాలుగు బిందెల నీళ్లు, గోనెపట్టలు తడిపే పని లేదు,” అన్నాడు రసూల్.

“ముప్పై ఉండాది,” అంది మాబున్నీసా, ఎనభై ఆరును ఫోన్‌లో సెల్సియస్‌కు మార్చి చూపిస్తూ.

“అది యాడనో కూర్చున్నోడు వేసిన లెక్క. మా నాయన ఈడ వేసినాడు.”

నాకు ఒళ్లు మండింది. “కండ్ల ముందర పురుగు పస్తుంటే నాయనను అడ్డం పెట్టుకుంటావేమప్పా?” అన్నాను.

మరదలు సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపు మీద రాసింది. “తీయాల్సింది ముప్పై రెండు. తర్వాత సగం కాదు, తొమ్మిదింట ఐదు వంతులు. భాగిస్తే సున్నా పాయింట్ ఐదు, ఐదు, ఐదు... ఆ ఐదులు ఎంతకీ అయిపోవు. మామ ఒక్క ఐదు కాడ ఆపేసినాడు.”

“ఆ చిల్లరకే పురుగు చస్తాదా?”

“చలికాలంలో చావదు. ఎండ పెరిగే కొద్దీ ఆ చిల్లరా పెరుగుతాది. సరే, రెండు లెక్కలూ యాడ కలుస్తాయో చూద్దాం.”

థర్మామీటరు అంకెను x అనుకుంది. రెండు లెక్కలనూ సమానం చేసి అడ్డగుణకారం వేసింది.

(x − 30)/2 = 5(x − 32)/9
9(x − 30) = 10(x − 32)
9x − 270 = 10x − 320
x = 50

“యాభై. అంటే పది సెల్సియస్. ఆడ మామ లెక్క సరిగ్గా ఉండాది. మన షెడ్డులో పది ఎప్పుడన్నా చూసినావా?”

రసూల్ తలుపు మీది లెక్క చూశాడు. వెళ్లి బోరు మోటారు వేసి గోనెపట్టలు తడిపి కిటికీలకు కట్టాడు. సాయంత్రానికి పురుగులు మళ్లీ ఆకు పట్టాయి. ఆ పంట గూళ్లు కట్టింది. బెంగళూరు మాట వాడు మళ్లీ ఎత్తలేదు.

గూళ్లు ఏరుతూ నేను ఏడ్చాను. ఎండాకాలం వస్తే చాలు, మా నాయన చచ్చిన పురుగులను తట్టలకు తట్టలు గుంతలో పోసి, “మన నసీబు ఇంతే” అనేవాడు. చివరిదాకా అదే నమ్మి పోయాడు. నసీబు కాదు నాయనా, రెండు డిగ్రీలు.