రుచి చూడ్డానికీ పైసలేనా

చంద్రమౌళి సేటు కోపం రానిదే నోరు తెరవడు. హనుమకొండలో తాతల నాటి బెల్లం దుకాణాన్ని వీడియో గేముల దుకాణం చేశాడు గానీ, గల్లా పక్కన బెల్లం గిన్నె మాత్రం తీయలేదు. ఎవరినైనా కడుపారా తిట్టాక ఒక ముక్క చేతిలో పెడతాడు.

ప్రీ ఆర్డర్ అన్న మాట వింటే మరీ మండిపడతాడు. గేము ఇంకా తయారే కాదు, డబ్బంతా ముందే కట్టాలి. కట్టినవాళ్లకు ఆ సగం వండిన గేమును రెండ్రోజులు ఆడనిస్తారు. దాని పేరు బీటా. తప్పులు పట్టడానికే అని కంపెనీ చెబితే సేటు నమ్మాడు, పాపం. పోయినసారి కళ్లు ఎర్రబడేదాకా ఆడి, గుర్రం గోడలోంచి నడుస్తోందని రాసి పంపాడు. విడుదలైన గేములోనూ గుర్రం గోడలోంచే నడిచింది.

"పరీక్ష గాదు, పాడు గాదు. ఉత్త దండోర," అని అప్పటినుంచి ఒకటే తిట్లు.

అలాంటి మనిషి దగ్గరికి హసన్‌పర్తి కాలేజీలో చదివే దీప్తి డబ్బు పట్టుకుని వచ్చింది.

"కాకా, కొత్త గేముకు ప్రీ ఆర్డర్ పెట్టు. ఎల్లుండి బీటా. మా దోస్తులందరు ఆడుతాండ్రు."

"ఈ పైసలు యాడియి?"

"పరీక్ష ఫీజుయి. మళ్ల జమ చేసుకుంట."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. మా తాత దుకాణంల ముక్క నోట్లేసుకోకుండ ఎవడన్న బెల్లం కొన్నడా? రుచి సూపెట్టనీకె గంపకు గంప పైసలు ముందే గుంజుతాండ్రు, సిగ్గు లేనోళ్లు. నువ్వు ఫీజు కట్టుపో."

చేతిలో పెట్టిన ముక్కను దీప్తి తిరిగి గిన్నెలో పడేసింది. ఇక ఈ గడప తొక్కితే ఒట్టు అనుకుంది.

బీటా రోజు ఆ ఫీజు డబ్బుతోనే వేరే దుకాణానికి బయల్దేరింది. దారిలో చూస్తే సేటు గడప ముందు చెప్పులే చెప్పులు. ఒట్టు మరిచి లోపలికి వెళ్తే, టీవీలన్నిట్లో బీటా నడుస్తోంది. సేటు భార్య లక్ష్మి కుర్చీ జరిపింది.

"కూసో బిడ్డా. ప్రీ ఆర్డర్లన్ని మా ఆయన పేరు మీదనే, ఆయన పైసలతోనే. అందరు ఉత్తగనే ఆడి సూస్తరు. గేము బాగలేకపోతే ఆ మునుగుడేందో ఈయన ఒక్కడే మునుగుతడు. ఎప్పుడు గింతే."

దీప్తికి సిగ్గేసింది. కూర్చుని ఆడింది. కాసేపటికి తల గోక్కుంది.

"కాకా, గుర్రం గోడలకెల్లి పోతాంది."

"మళ్లనా? వీళ్ల నోట్ల మన్ను వడ," అంటూ సేటు లేచాడు. "నువ్వు ఫీజు కట్టినవా?"

"రేపు కడత."

"ఇయ్యాల్నే కట్టు. లేకుంటే టీవీ బంద్ జేస్త."

బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. దీప్తి ఈసారి తిని, మళ్లీ చెయ్యి చాచింది. సేటు కంపెనీవాళ్లను తిడుతూనే గిన్నె ఆమె ముందుకు జరిపాడు.