చక్రం వెనక పసుపు

మా పక్కింటి మాస్టారు పోయారు. వారం దాటింది. ఈ మాట కాగితం మీద పెడితేనైనా నాకు నమ్మకం కలుగుతుందేమోనని ముందు అదే రాశాను. కలగలేదు.

ముందురోజు సాయంత్రం ప్రహరీగోడ మీద మోచేతులు ఆనించి, "అమ్మాయ్, నీ కారు హారను దగ్గుతోంది. రేపు పొద్దున కాలేజీకి వెళ్ళేముందు చూస్తాలే" అన్న మనిషి. పొద్దున్నే బానెట్ ఎత్తి పెట్టుకుని నిలబడ్డాను కూడా. ఆయన రాలేదు. గోడవతల నుంచి మాస్టారి భార్య, అత్తయ్యగారి కేక వచ్చింది. నేను పరిగెత్తేసరికి మాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు. ఒక కాలికి బూటుంది, రెండో బూటు ఒళ్ళో ఉంది. డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని వదిలేశాడు. నేను ఆ డాక్టరు మీద అరిచాను, సరిగ్గా చూడమని. పాపం, ఆయన మళ్ళీ చూశాడు.

జబ్బు లేదు, జ్వరం లేదు. కనీసం తలనొప్పి అన్న మాట కూడా ఆ నోట ఎప్పుడూ వినలేదు. ఎవరికైనా ఇలా చెప్పాపెట్టకుండా పోయే హక్కుందా అని నాకు ఇప్పటికీ కోపంగా ఉంది. పోయినవాళ్ళ మీద కోపమేమిటని మా అమ్మ కసురుతుంది. కసిరి తనూ గోడవైపే చూస్తుంది.

మాస్టారు పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పేవారు. ఆదివారం చర్చిలో అందరికంటే లావు గొంతుతో పాడేవారు. తెల్ల ప్యాంటు మీద ముడత కనబడితే అత్తయ్యగారికి ఆ పూట గండమే. అదే మనిషి కారు కిందికి దూరాలంటే మాత్రం ఎప్పటిదో ఖాకీ నిక్కరు వేసుకుని గవర్నర్‌పేట సందంతా చూస్తుండగా వీధిలోకి వచ్చేవారు. "ఆ నిక్కరు తగలెట్టేదాకా నాకు మోక్షం లేదమ్మా" అని అత్తయ్యగారు నాతో అనేవారు. వినయం అనే వస్తువు ఆయన దగ్గర వెతికినా దొరికేది కాదు. తనకి తెలిసింది తెలుసని గట్టిగా చెప్పేవారు, తెలియంది ఇంకా గట్టిగా చెప్పేవారు.

"కూర్చుందా?" అనేది ఆయన ఊతపదం. చక్రం డ్రమ్ము మీద కూర్చుందా, డబ్బా మీద మూత కూర్చుందా, పాటలో శ్రుతి కూర్చుందా. మా ఇంటి బీరువా తలుపు ఓరగా ఉంటే కాఫీ తాగుతూ తాగుతూ లేచివెళ్ళి నొక్కి చూసేవారు. చేసినపని సరిగ్గా కూర్చోకపోతే ఆయనకి కాఫీ దిగేది కాదు.

నాకు కారు నేర్పింది ఆయనే. నాన్నకి చూపు తగ్గి, తను పల్లెలో పొలం దగ్గరే ఉండిపోయి, కారుని బెజవాడలో నాకూ అమ్మకీ వదిలేశాడు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకునే నేను స్టీరింగు ముందు కూర్చుంటే రిక్షావాళ్ళు రిక్షాలాపి మరీ చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. "వాళ్ళ పని నిన్ను చూడ్డం. నీ పని రోడ్డు చూడ్డం. ఎవరి పని వాళ్ళు చేసుకోవాలమ్మాయ్" అనేవారు మాస్టారు.

ఇక కారు చక్రాల రింగుల సంగతి చెప్పాలి, అయిదారేళ్ళ కిందటి మాట. అది చెప్పకుండా మాస్టారి గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

మా అక్క అత్తగారి ఊరు కంకిపాడు దాటాక కాలవగట్టు మీద ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఆ గట్టు మీద లోతుగా గాడులు పడ్డాయి. మా కారు చక్రాల మధ్య ఎడం తక్కువ కావడంతో ఒక చక్రం గాడిలో, ఒకటి దిబ్బ మీద నడిచేది. ఒకసారి వానల్లో వెళ్తే కారు కాలవవైపు ఒరిగింది. పక్కనున్న అమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. ఎండాకాలం వచ్చేసరికి అక్కకి నెలలు నిండుతున్నాయి, కాన్పుకి బెజవాడ తీసుకురావాలి. "ఆ కారు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టించే దాకా నా బిడ్డని అందులో ఎక్కనివ్వను" అని అమ్మ భీష్మించుకుంది.

లేతు మిషను మీద ఇనుము చెక్కే మేస్త్రీ ఒకతను, అదెంతపని అన్నాడు. చక్రానికీ అది బిగించే డ్రమ్ముకీ మధ్య ఇనుప రింగు వేస్తే చక్రం బయటికి జరుగుతుంది. స్పేసర్లు అంటారట. నాలుగు చక్రాలకీ రింగులు చేయించాం. మాస్టారు వాటిని కాలేజీకి పట్టుకెళ్ళి కొలిచి తెచ్చారు. "వెంట్రుకవాసి తేడా లేదు. నేను చెప్తున్నాగా, వేయించెయ్" అన్నారు. రెండ్రోజుల తరవాత మేస్త్రీ మా ఇంటికే వచ్చి బిగించి వెళ్ళాడు.

మర్నాడు అక్కని తీసుకురావాలనగా, ఒకసారి చూద్దామని అమ్మని ఎక్కించుకుని బందరు రోడ్డు పట్టాను. కారు నిజంగానే నిలకడగా ఉంది. పటమట దాటి వేగం నలభై మైళ్ళకి రాగానే స్టీరింగు ఒణకడం మొదలెట్టింది. మణికట్టు నుంచి మోచేతికి, అక్కణ్ణుంచి భుజానికి పాకింది. "ఏమే, చలేస్తోందా?" అంది అమ్మ. ఎండాకాలం అది. వేగం తగ్గిస్తే ఒణుకు ఆగింది, పెంచితే మళ్ళీ వచ్చింది. గుండె చిక్కబట్టుకుని నెమ్మదిగా ఇంటికి తెచ్చాను.

మాస్టారు ఖాకీ నిక్కరుతో వచ్చారు. "ఒణుకు స్టీరింగులోనా, సీటులోనా?" అన్నారు. స్టీరింగులో అన్నాను. "అయితే ముందు చక్రాలు. సీటులో అయితే వెనకవి." తను నడిపి చూసి వచ్చారు. టైర్లే, అనుమానం లేదన్నారు. టైర్లషాపు కుర్రాడిచేత ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించారు. ఒణుకు అలాగే ఉంది. అయితే స్టీరింగు కడ్డీల కీళ్ళు అరిగాయన్నారు. కింద పడుకుని నాచేత స్టీరింగు అటూ ఇటూ తిప్పించారు. కీళ్ళు గట్టిగానే ఉన్నాయి.

"రింగులు వేశాకే కదండీ మొదలైంది" అన్నాను.

"రింగులు నేను కొలిచాను."

"కొలిస్తే కొలిచారు. ఒణుకుతోందిగా? రేపు మా అక్కని దేంట్లో తేవాలి, ఎడ్లబండిలోనా?"

ఆయన పానా నేలమీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆస్పత్రికి ఆ పల్లె నుంచి ఇంకో దారి లేదు. బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు.

అన్నం తిని వచ్చారు మాస్టారు. ఈసారి కారు ముట్టుకోలేదు. మా అరుగు మీద కూర్చున్నారు.

"విప్పేముందు అడగాలి. నేను అడగలేదు" అన్నారు. "సరే, ఇప్పుడు చెప్పు. నేను కొలిచి నీ చేతికిచ్చాను. మేస్త్రీ బిగించేదాకా ఆ రింగులు ఎక్కడున్నాయి?"

"ఇంట్లో."

"ఇంట్లో అంటే ఎక్కడమ్మాయ్?"

నాకు తెలియదు. గుమ్మంలోంచి అమ్మ చెప్పింది. "దేవుడి దగ్గర పెట్టానన్నయ్యగారూ. కొత్త సామాను కదా. పసుపు ముద్ద రాసి, బొట్లు పెట్టి, నాలుగు అక్షింతలు వేశాను. అంతే."

"రెండువైపులా రాశారా?"

"ఒకవైపు రాసి ఊరుకుంటామా?"

"తరవాత తుడిచారా?"

"పసుపు ఎవరైనా తుడుస్తారా అన్నయ్యగారూ? ఆ మేస్త్రీ కూడా కళ్ళకద్దుకుని అట్లాగే బిగించాడు, మంచివాడు."

మాస్టారు నవ్వుతారనుకున్నాను. ఆయన మొహంలో రక్తం లేదు. లేచి తిన్నగా ముందు చక్రం దగ్గరికి వెళ్ళి, పానా కూడా తీసుకోకుండా, ఒక నట్టు మీద వేళ్ళు పెట్టి తిప్పారు.

నట్టు తిరిగింది. కుళాయి తిరిగినంత తేలిగ్గా తిరిగింది.

ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డారు. తరవాత పానా అందుకుని చక్రం విప్పి చూపించారు. రింగుకి అటూ ఇటూ పసుపు ఎండి పెచ్చు కట్టింది. ఆ పెచ్చులో అక్షింతలు నలిగి పిండై ఉన్నాయి. గింజల మీద బిగించిన చక్రం వంకరగా నిలబడి ఒణికింది. ఒణుకుతుంటే గింజలు నలిగి సందు ఏర్పడింది. సందు ఏర్పడి నట్లు వదులయ్యాయి. పైగా రింగు మందం బోల్టుని మింగేసింది. నట్టు పట్టుకుని ఉన్నది బోల్టు కొసని మాత్రమే. పొద్దున అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని నేను నడిపింది ఆ చక్రాల మీద. ఆ తరవాత మాస్టారూ నడిపారు. మర్నాడు నిండు చూలాలిని ఎక్కించుకుని కాలవగట్టు మీద నడపబోయిందీ వాటి మీదే. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా అరచేతులకి చెమట పడుతోంది.

"మందం చూశానమ్మాయ్. బోల్టు పొడుగు చూళ్ళేదు" అన్నారు మాస్టారు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు. "నేను వేయించెయ్ అన్నాను కాబట్టి వేయించావు. తీసేద్దాం. ఈ రింగులే వద్దు."

రింగులు తీసేశాక డ్రమ్ము మీదా, చక్రం లోపలి మొహం మీదా పసుపు మిగిలింది. మాస్టారు గుడ్డ తీసుకుని, తుడవబోయి ఆగారు. అమ్మని పిలిచారు.

"చెల్లెమ్మా, ఇది మీరు పెట్టింది. నేను తియ్యను. మీరే తియ్యాలి."

అమ్మ కదల్లేదు. తన పసుపు ఎంతపని చేసిందో అప్పటికే అర్థమైంది. అయినా కూతుర్ని కాన్పుకి తీసుకొచ్చే ముందురోజు పసుపు తుడవడమంటే ఆవిడకి ప్రాణసంకటం. "నా చేత్తో తుడవనా? పిల్లకి ఏదన్నా అయితే?" అంది.

"తుడవొద్దు. చోటు మార్చండి" అన్నారు మాస్టారు. "చక్రం లోపల ఉంటే ఎవరికి కనపడుతుందండీ? బయట మూత మీద పెట్టండి. ఎదురొచ్చే లారీవాడికి కూడా కనపడాలి. ఇక్కడ మటుకు ఇనుముకీ ఇనుముకీ మధ్య ఏమీ ఉండకూడదు."

చర్చికి వెళ్ళే మనిషి ఆ మాట అంత మర్యాదగా ఎలా అనగలిగారో నాకు తెలియదు. అప్పటిదాకా నాకు అమ్మ మీద నషాళానికి ఎక్కిన కోపం ఆ మాటతో దిగిపోయింది. అమ్మ వీధిలో గొంతుక్కూర్చుని, కొంగు తడిపి, ప్రతి డ్రమ్మునీ ప్రతి చక్రాన్నీ తుడిచింది. మాస్టారు అరచెయ్యి పెట్టి గుండ్రంగా తడిమి, ఇంకా గింజ ఉందనేవారు, అమ్మ మళ్ళీ తుడిచేది. చివరికి, "ఇప్పుడు కూర్చుంటుంది" అని ఎదురెదురు నట్లు బిగించారు. అమ్మ చీర కొంగంతా పసుపూ నల్లమడ్డీ.

మర్నాడు మాస్టారే నా పక్కన కూర్చున్నారు. వెనక అమ్మ, అక్క. వానలు లేక గట్టు ఎండి గట్టిగా ఉంది. అది దాటేదాకా ఆయన "నెమ్మదిగా" తప్ప ఇంకో ముక్క అనలేదు, ఆయన విషయంలో అది వింతే. స్టీరింగు ఒణక్కుండా బొమ్మలా ఉంది. నాలుగు చక్రాల మూతల మీదా పసుపు మెరుస్తోంది. అక్క కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. రింగుల్లో ఒకదాన్ని అమ్మ వంటింట్లో కాఫీగిన్నెకి కుదురుగా పెట్టుకుంది. మాస్టారు వచ్చినప్పుడల్లా దానివంక చూసి చూడనట్టు ఊరుకునేవారు.

అలాంటి మనిషిని, పోయిన రోజు మధ్యాహ్నమే పెట్టెలో పడుకోబెట్టారు. తెల్లప్యాంటు మీద ఒక్క ముడత లేదు. అత్తయ్యగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరింట్లోనో కూర్చున్నట్టు కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక మూత తెచ్చి పెట్టారు. మూల ఒకటి పైకి లేచి ఉంది. హడావిడిగా చేసిన పెట్టె, అంచుల మీద రంపంపొట్టు అట్లాగే ఉండిపోయింది. వడ్రంగి మేకు పెట్టి కొట్టి అణచబోయాడు.

"ఆగు బాబూ" అంది అమ్మ.

పొద్దుటి నుంచి గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి. లేచి వచ్చింది. మూత పక్కకి తీయించింది. కొంగు తీసుకుని పెట్టె అంచంతా, తలవైపు నుంచి కాళ్ళవైపుకి, మళ్ళీ కాళ్ళవైపు నుంచి తలవైపుకి తుడిచింది. తరవాత అరచెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. అత్తయ్యగారు అప్పుడు తలెత్తి చూశారు, ఆ పొద్దుటి నుంచి మొదటిసారి ఏడ్చారు.

"ఇప్పుడు పెట్టు. కూర్చుంటుంది" అంది అమ్మ.

కూర్చుంది.

సమాధుల తోటకి అమ్మని నేనే కార్లో తీసుకెళ్ళాను. స్టీరింగు నిశ్చలంగా ఉంది. అమ్మ పక్కసీటులో కొంగు చివర గుప్పిట్లో బిగించి కూర్చుంది. దిగేటప్పుడు గుప్పిలి వదిలితే సీటు మీద కాస్త రంపంపొట్టు రాలింది. నేను ఇంకా దులపలేదు.