బతుకమ్మ చుట్టూ డెర్, డీ, డాస్

మొన్న నెల్లికుదురు నుంచి మా అన్న ఫోన్ చేశాడు. కొడుకు కూతురు నర్సింగు పూర్తి చేసిందనీ, జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగం కోసం హన్మకొండలో ఆ భాష నేర్చుకుంటోందనీ, వాడకట్టంతా మిఠాయిలు పంచాననీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చాడు. "చెల్లే, గా డెర్, డీ, డాస్ దాని నోటికెక్కుతలేవట. నీకొస్తయి గద, జర నేర్పరాదు?" నాకొస్తాయని ఆయనకు బాగానే గుర్తుంది. వచ్చినవి ఏమయ్యాయో మాత్రం గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపటిదాకా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది కాబట్టి చెబుతున్నాను. పెళ్లికి ముందు నేను జనగామలో ఒక మిషన్ దవాఖానలో నర్సు ట్రైనింగు చేశాను. అక్కడి పెద్ద సిస్టరమ్మ జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైపోయిన మనిషి. తన సొంత ఊరి ఆసుపత్రికి మాలో ఇద్దరిని పంపిస్తానని మాటిచ్చి, ఆ ఇద్దరిలో ఒకదానిగా నన్ను ఎంచుకుంది. ఆ రోజు నుంచి నేను నేలమీద నడిచింది తక్కువ. ఆ భాషలో ప్రతి వస్తువూ మగదో, ఆడదో, రెండూ కానిదో అయి ఉంటుంది, దాన్నిబట్టి పేరుకు ముందు డెర్ అనో, డీ అనో, డాస్ అనో తగిలించాలి. చెంచా మగ, ఫోర్కు ఆడ, చాకు రెండూ కాదు. ఎందుకని అడిగితే సిస్టరమ్మకే తెలియదు. ట్రే సర్దేటప్పుడు కత్తెర అడిగితే ఊరికే ఇచ్చేది కాదు, ముందు 'డీ' అనేదాకా దాన్ని చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడేది. ఆడపిల్ల అనే మాట కూడా డాస్ కిందికే వస్తుందని తెలిసిన రోజు, ఆడపిల్లను ఆడ అనడానికి వీళ్లకేం రోగమని హాస్టలు గదిలో పెద్ద గొడవే చేశాను. ఆ వయసులో నా కోపాలన్నీ అలాంటి వాటిమీదే. నిజంగా నేను కోపగించుకోవలసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారని అప్పటికి తెలియదు.

ఎంత బట్టీ పట్టినా పొద్దున నేర్చినవి సాయంత్రానికి కలగాపులగం అయ్యేవి. బతుకమ్మ పండక్కి ఇంటికి వచ్చినప్పుడు గానీ నాకు దారి దొరకలేదు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అదే మాట తిరిగి అందుకోవడం మనకు అలవాటే కదా. నేను ఎత్తుకునే వంతు వచ్చేసరికి చిలిపితనం కొద్దీ "డెర్ లోఫెల్ ఉయ్యాలో, డీ గాబెల్ ఉయ్యాలో" అని చెంచానూ ఫోర్కునూ ఎత్తుకున్నాను. "ఇదేం పాటనే!" అని మా వదిన నవ్వింది కానీ, ఎత్తుకున్నాక అందుకోకుండా ఎవరుంటారు? వాడకట్టు ఆడవాళ్లంతా గుండ్రంగా తిరుగుతూ జర్మనీవాళ్ల వంటసామాను పేర్లన్నీ పాడేశారు. పళ్లు లేని ఒక అవ్వయితే లోఫెల్‌ను 'లోపలు' చేసి అందరికంటే గట్టిగా పాడింది. అంత సంతోషంగా నేను ఏ చదువూ చదవలేదు. ఆ సాయంత్రం నోటికెక్కినవి ఈనాటికీ పోలేదు.

పక్కన మగవాళ్లతో నిలబడి చూసిన మా అన్న, ఇంటికి వచ్చాక ఆ పాటేమిటని అడిగాడు. ఆయన కూడా సంతోషపడతాడనుకుని ఉన్నదంతా చెప్పేశాను. "ఆడిపిల్లవు, ఒక్కదానివి గంత దూరం పోతవా? మంది ఏమంటరు?" అన్నాడు. అప్పటికి మా బాపు లేడు, కాబట్టి ఇంట్లో ఆయన మాటే మాట. కన్నతల్లి, మా అవ్వ, పొయ్యి దగ్గర నుంచి తల కూడా ఎత్తలేదు. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, ఏదీ పనిచేయలేదు. పండగ వెళ్లగానే ఆయనే జనగామకు పోయి, మా చెల్లె రాదని సిస్టరమ్మకు చెప్పి, నా పెట్టె బస్సు మీద వేసుకుని తెచ్చాడు. వెళ్లి ఆమెకు దండం పెట్టి వచ్చే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు. రెండో అమ్మాయి వెళ్లింది. నాకు ఆ మాఘంలో పెళ్లి చేసి భూపాలపల్లి పంపారు. మా ఆయన మంచివాడు, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. ఇక్కడే ఒక చిన్న దవాఖానలో పని చేసుకోనిచ్చాడు కూడా. కానీ మొగుడు మంచివాడు దొరికినంత మాత్రాన జరిగిన అన్యాయం న్యాయమైపోదు.

అందుకే ఈసారి అన్నకు ఒక షరతు పెట్టాను. "నేర్పిస్త. కని నువ్వు గూడ వచ్చి పక్కన కూసోవాలె" అన్నాను. నవ్వులాటనుకున్నాడేమో, ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను ఒక్కో మాటా చెబుతుంటే కుర్చీలో కూర్చుని అన్నీ విన్నాడు, పిల్ల తప్పు చెప్పినప్పుడు నవ్వాడు కూడా. ఆ పిల్ల చురుకైనది. మధ్యలో ఆగి, "ఇన్ని వస్తయి గద అవ్వా, మరి నువ్వెందుకు పోలే?" అని అడిగింది. నేను అన్న వైపు చూశాను. ఆయన భుజం మీది తువ్వాల సర్దుకుని, "అప్పటి కాలం గట్లుండె బిడ్డా" అన్నాడు.

కాలమా? జనగామ బస్సెక్కింది కాలమా? నా పెట్టె మోసుకొచ్చింది కాలమా? కాలమే ఆపి ఉంటే దాన్ని నేను ఎన్నడో క్షమించేదాన్ని. "కాలం కాదు బిడ్డా, మీ తాత పోనియ్యలే" అన్నాను. పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆఖరి బస్సు ఎప్పుడని అడిగాడు.

ఇప్పుడు మా ఊళ్లల్లో ఆడపిల్లలు ఎంత దూరమైనా వెళుతున్నారు, మంది నోళ్లలో మాటలకు బదులు మిఠాయిలు పడుతున్నాయి. సంతోషమే, ఆ పిల్ల వెళుతోందంటే నాకంటే సంతోషించేవాళ్లు లేరు. మా అన్న కూడా మారాడు, నేను కాదనను. కానీ మారినవాడు తాను చేసింది తాను చెప్పుకోకుండా కాలం వెనక దాక్కుంటే, నష్టపోయినవాళ్లు ఎవరిని అడగాలి? నాకిప్పుడు జర్మనీ అక్కర్లేదు. "నేనే ఆపిన చెల్లే" అన్న ఒక్క మాట కావాలి. వచ్చే ఆదివారం మళ్లీ వస్తామన్నారు, ఆయన కుర్చీ నా ఎదురుగానే వేస్తాను.