బ్యానర్ మామయ్య అమ్మని జాగా

ఖాళీ జాగా కనబడితే చాలు, బ్యానర్ మామయ్యకు చేతులు దురద పెడతాయి.

ఊళ్లో ఏ విరాళాల సభ జరిగినా స్పాన్సర్లను పట్టుకొచ్చే పని ఆయనదే. మైకు స్టాండు ఒక బ్యాంకుది, మంచినీళ్ల గ్లాసు ఒక సబ్బుది, ముఖ్య అతిథి కుర్చీ వీపు నడుంనొప్పి మందుది. ఒకసారి సంతాప సూచకంగా పాటించిన మౌనాన్ని కూడా చప్పుడు చెయ్యని ఫ్యాన్ల కంపెనీకి అంటగట్టాడు.

"ఇక మీ బట్టతల ఒక్కటే మిగిలింది. దాన్నీ అమ్మెయ్యండి!" అంది అత్తయ్య.

"సరైన బేరం రావాలి కదే," అన్నాడాయన సీరియస్‌గా.

పిల్లల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే మేనకోడలికి ఇవన్నీ చూస్తే తల కొట్టేసినట్టుండేది. ఈసారి మాత్రం నోరు మెదపలేదు. తన దగ్గర నడక నేర్చుకుంటున్న పిల్లలకు చక్రాల కుర్చీలు కావాలి. అవి రాకపోతే వాళ్లకు బడి లేదు. ఇస్తానన్నది ఒక రంగుల కంపెనీ.

సభ రోజు కంపెనీ మేనేజరు స్టిక్కర్ల కట్టతో దిగాడు.

"ప్రతి కుర్చీ వెనకా మా పెయింటు డబ్బా బొమ్మ పడాలి. పెద్దగా!"

"అక్కడ కుదరదండీ. ఆ జాగా ఎప్పుడో అమ్ముడైపోయింది," అన్నాడు మామయ్య.

"అయితే కుర్చీలు తిరిగి లారీ ఎక్కుతాయి!"

మేనకోడలు ఆయన్ను పక్కకు లాగింది.

"మౌనాన్నే అమ్మినవాడివి, ఇదొక్కటీ ఇచ్చెయ్యలేవా? అసలు ఎవరికమ్మావు?"

"అందులో కూర్చునేవాళ్లకే తల్లీ. బడికెళ్లే పిల్ల వీపున పెయింటు డబ్బా మోసుకు తిరగాలా?"

ఆమెకు ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి సిగ్గుపడినందుకు సిగ్గేసింది.

మామయ్య మేనేజరు దగ్గరికి వెళ్లి టోపీ తీశాడు.

"ఇక్కడ వేసుకోండి సార్. ముందు వరసలో కూర్చుంటాను. ప్రతి ఫొటోలోనూ పడుతుంది."

మేనేజరు ఆ నున్నటి తలను అటూ ఇటూ తిరిగి చూశాడు. కోపం నిలబెట్టుకోవాలనే అనుకున్నాడు గానీ, నవ్వు ఆగలేదు. స్టిక్కరు పక్కన పెట్టి, తమ పెయింటుతోనే ఆ తల మీద డబ్బా బొమ్మ వేయించాడు. కుర్చీలు లారీ ఎక్కలేదు.

'చెరగని రంగు' అన్న కంపెనీ ప్రకటనలో అబద్ధం లేదని ఆ తర్వాత తేలింది. అత్తయ్య ఎంత తోమినా రంగు పోలేదు.

కొన్నాళ్లకు మామయ్య మేనకోడలితో కలిసి బడికి వెళ్తే, కుర్చీలో కూర్చున్న ఓ పిల్ల అడిగింది.

"తాతా, నీ తల మీద ఆ డబ్బా ఏంటి?"

"అద్దెకిచ్చానమ్మా."

ఆ పిల్ల గర్వంగా కుర్చీ తిప్పి వెనకవైపు చూపించింది. సుద్దముక్కతో గీసిన వంకరమూతి పిల్లి. మామయ్య దాన్ని తదేకంగా చూశాడు.

"తోక పక్కన ఇంకాస్త జాగా ఉందే..."

"మామయ్యా!" అని అరిచింది మేనకోడలు.

"ఇంకో పిల్లి పడుతుందంటున్నానే!"